గంట అద్దె నేర్పిన తీర్పు

ఈమధ్య ఆడిన వీడియో గేములు ఎలా ఉన్నాయో చెప్పడానికి ఇవాళ ఆటగాడికి వేదికలకు కొదవ లేదు. తెలుగులో లైవ్ పెట్టి, ఆడుతూనే మంచిచెడ్డలు మాట్లాడేవాళ్లు ఉన్నారు. వాళ్లను విన్నవాళ్లు గేముల మీద తీర్పు చెప్పడం మన దగ్గర నిన్నమొన్న మొదలైందనుకుంటారు. అంతకుముందు పిల్లలు చవగ్గా దొరికింది ఆడారు, దొంగ సీడీల్లో ఏదొస్తే అది ఆడారు, వాళ్లకంటూ ఒక అభిరుచి ఎక్కడిది అన్నది తరచుగా వినిపించే మాట. హైదరాబాద్ తూర్పు అంచున ఉప్పల్ నుంచి బోడుప్పల్ దాకా, ఇటు నాచారం, మల్లాపూర్, కుషాయిగూడ వరకు పరుచుకున్న కాలనీల్లో మూడు దశాబ్దాలుగా ఏ గేములు నిలిచాయో, ఏవి నిలవలేదో చూస్తే ఆ మాట తప్పని తేలుతుంది. ఇక్కడి ఆటగాళ్లకు అభిరుచి ఉంది, అది గట్టిది కూడా. గేమును కొనుక్కోకుండా గంటకు ఇంతని అద్దె కట్టి ఆడిన అలవాటులోంచి ఆ అభిరుచి పుట్టిందనీ, చవకదనం ఒక్కటే దాన్ని వివరించలేదనీ నా వాదన.

ముందు ఈ ప్రాంతం సంగతి. తూర్పు హైదరాబాద్ ఎలక్ట్రానిక్స్‌కు కొత్త కాదు. ఇక్కడ 1967లో మొదలైన ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ 1969కల్లా టీడీసీ-12 అనే కంప్యూటర్‌ను సొంతంగా తయారుచేసింది. ఆ సంస్థ తయారుచేసిన ఈసీ టీవీ ఒక తరం ఇళ్లలో మొదటి టీవీ. 1977లో హైదరాబాద్‌లో దూరదర్శన్ ప్రసారాలు మొదలయ్యాయి. ఆ కేంద్రం ఉన్నది ఉప్పల్ పక్కనే, రామంతాపూర్‌లో. ఉప్పల్ రోడ్డు మీద ఎన్జీఆర్ఐ, సీసీఎంబీ అనే పరిశోధన సంస్థలు, నాచారంలో, చర్లపల్లిలో పారిశ్రామికవాడలు; వాటిలో పనిచేసేవాళ్లకు ఇళ్లు కావాలి. అలా వరంగల్ రోడ్డు వెంట ఊళ్లుగా ఉన్నవి కాలనీలయ్యాయి. చాలాకాలం గ్రామపంచాయతీగానే ఉన్న బోడుప్పల్ 2016లో మున్సిపాలిటీ, 2019లో మున్సిపల్ కార్పొరేషన్ అయ్యింది. నెల జీతంతో ప్లాటు కొని, విడతలుగా ఇల్లు కట్టుకునే కుటుంబాలు ఇవి. 1990ల్లో ఇలాంటి ఇంట్లో టీవీ ఉండేది, కంప్యూటర్ ఉండేది కాదు. గేముల చరిత్రకు ఈ తేడా ముఖ్యం, ఎందుకంటే మొదటి గేములు వచ్చింది టీవీ వెనకాల తగిలించే డబ్బాగానే.

జపాన్‌లో నింటెండో కంపెనీ 1983 జూలై 15న ఫామికామ్ అనే యంత్రాన్ని విడుదల చేసింది. మన వీధుల్లోకి వచ్చింది మాత్రం ఎక్కువగా దాని నకళ్లే. తైవాన్, చైనాల్లో తయారైనవి మీడియా, లిటిల్ మాస్టర్ లాంటి పేర్లతో దొరికేవి. కోఠి గుజరాతీ గల్లీ లాంటి బజార్లలో ఎలక్ట్రానిక్ సామానుతోపాటు వీటినీ అమ్మేవారు. యంత్రాన్ని టీవీ గేమ్ అనేవాళ్లు, చేతిలో పట్టుకునేదాన్ని రిమోట్ అనేవాళ్లు, గేము ఉండే ప్లాస్టిక్ బిళ్ల క్యాసెట్. ఆ క్యాసెట్‌ను దగ్గరగా చూడాలి, నా వాదనకు మొదటి సాక్ష్యం అదే. పైన రంగుల కాగితం మీద 9999 గేములు అని రాసి ఉంటుంది. లోపల నిజంగా ఉండేవి కొన్నే. మిగతా నంబర్లన్నీ అవే గేములు మళ్లీ మళ్లీ: ఒకటి రెండో స్టేజ్ నుంచి మొదలవుతుంది, ఇంకొకటి ఎక్కువ లైఫ్‌లతో, మరొకటి పేరు మాత్రం మార్చుకుని. తెర ఖాళీగా వస్తే క్యాసెట్ పీకి, పిన్నుల మీద నోటితో ఊది మళ్లీ పెట్టేవాళ్లు. తెర మీది గేముల జాబితాలో పైకీ కిందికీ తిరిగే బాణం గుర్తును ఏ పేరు మీద ఆపాలన్నది పూర్తిగా ఆడేవాళ్ల ఇష్టం. ఒక్కో గేముకు వేరే ధర లేదు, ప్రకటన లేదు, పెట్టె మీద బొమ్మ కూడా లేదు. చూసి చెప్పే విమర్శకుడూ లేడు. డబ్బు తేడా లేనిచోట ఎంపికను నడిపించగలిగింది ఒక్కటే, ఆట బాగుందా లేదా అన్న తీర్పు.

ఆ తీర్పు ఎటు మొగ్గిందో అందరికీ గుర్తే. 1988లో ఇళ్ల యంత్రాల మీదికి వచ్చిన కాంట్రా. 1985 నాటి బ్యాటిల్ సిటీ, మన పిల్లల మాటల్లో ట్యాంకుల గేమ్. సూపర్ మారియో. వీటిలో మొదటి రెండింటిలో ఇద్దరు ఒకేసారి ఒకే తెర మీద ఆడొచ్చు. కాంట్రాలో తెర ఇద్దరిదీ, కాబట్టి ఒకడు ముందుకు ఉరికితే వెనకబడ్డవాడు ఇబ్బందిలో పడతాడు. ఇద్దరూ ఒకరి అడుగు ఒకరు చూసుకుంటూ నడవాలి. బ్యాటిల్ సిటీలో ఇద్దరూ కలిసి ఒకే గద్దను కాపాడాలి, పైగా ఇటుకలు పేర్చి సొంత మైదానం కట్టుకునే వీలుంది. మారియోలో మాత్రం ఇద్దరు ఒకేసారి ఆడలేరు. ఒకడు చస్తే రెండోవాడి వంతు వస్తుంది. ఈ వంతు పద్ధతి గేములోంచి అలవాటైంది కాబట్టి, రిమోట్ ఒక్కటే పనిచేస్తున్న ఇంట్లో కూడా నలుగురు పిల్లలు గొడవ లేకుండా ఆడుకోగలిగారు. అదే క్యాసెట్‌లో ఉన్న పజిల్ గేములు, ఒంటరిగా తలవంచుకుని ఆలోచించాల్సినవి, అంత చవగ్గానే దొరికినా అంత ప్రేమను గెలుచుకోలేకపోయాయి. పేదరికం వల్ల ఈ గేములు ఆడారని అనేవాళ్లు ఈ తేడాకు కారణం చూపించాలి. ఏ యంత్రం కొనాలన్నది డబ్బు తేల్చిందన్నది నేనూ ఒప్పుకుంటాను. కొన్నాక ఏ గేము ఆడాలన్నది డబ్బు తేల్చలేదు.

గంట అద్దె వచ్చాక ఈ తీర్పు ఇంకా పదునెక్కింది. కాలనీ మలుపులో ఒక షట్టర్ గది, లోపల కొన్ని టీవీలు, వాటికి వీడియో గేములు. తర్వాత ప్లేస్టేషన్లు, మరో పక్క నెట్ సెంటర్లు. 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ ప్రజలకు ఇంటర్నెట్ తెరిచింది. తర్వాతి ఏళ్లలో నెట్ సెంటర్లు వీధివీధికీ వచ్చాయి. మెయిళ్లు చూసుకునేవాళ్లు, పరీక్షా ఫలితాల కోసం వచ్చేవాళ్లు అన్నివేళలా ఉండేవాళ్లు కాదు. ఖాళీగా ఉన్న సిస్టమ్‌లను నింపింది గేములు ఆడేవాళ్లే. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అనే చోట, విడిభాగాలు కొని సిస్టమ్‌లు బిగించేవాళ్లు. నకలు సీడీలు కూడా నగరంలో సులువుగా దొరికేవి, మంచి గేమైనా చెత్త గేమైనా డిస్కు ధర ఒకటే. దొంగతనాన్ని నేను సమర్థించను. తయారుచేసినవాళ్లకు రావాల్సిన డబ్బు రాలేదు, మన దగ్గర గేముల తయారీ ఆలస్యంగా వేళ్లూనడానికి అదీ ఒక కారణం. కానీ చరిత్రగా చూస్తే దాని ఫలితం క్యాసెట్ ఫలితమే: అన్ని గేములూ ఒకే ధరకు వరసలో నిలబడ్డాయి. గదిలో కూర్చున్నవాడికి ఖర్చవుతున్నది కాలం. గోడ గడియారం నడుస్తుంటుంది, జేబులో అరగంటకు సరిపడా డబ్బే ఉంటుంది. ఆ అరగంటలో ఆట మొదలవ్వాలి, నడవాలి, ఒక ముగింపుకు రావాలి.

అందులోంచి మూడు కొలమానాలు ఏర్పడ్డాయి. వాటిని ఎవరూ రాసిపెట్టుకోలేదు, అందరూ పాటించారు. గేము త్వరగా మొదలవ్వాలి. పావుగంట కథ చెప్పి ఆ తర్వాత చేతికి పగ్గాలిచ్చే గేముకు ఇక్కడ చోటు లేదు. పక్కవాడితో ఆడేలా ఉండాలి, ఎందుకంటే వచ్చేది ఒక్కడే కాదు, డబ్బులు కలిపేసుకుని వచ్చిన గుంపు. ఇక మూడోది నాకు అన్నింటికంటే ముఖ్యంగా కనిపిస్తుంది: ఆడనివాడికి కూడా చూడబుద్ధి కావాలి. వంతు కోసం వెనక నిలబడ్డవాళ్లు ఆటలో సగం. అటు పోకు, ఇటు కొట్టు, అరే బాంబ్ అక్కడ పెట్టిండు అని అరిచేది వాళ్లే. ఆట అయ్యాక మంచిచెడ్డలు తేల్చేదీ వాళ్లే. ప్లేస్టేషన్ మీద 1998 నాటి టెక్కెన్ 3, ప్లేస్టేషన్ 2 మీద 2003 నాటి డబ్ల్యూడబ్ల్యూఈ స్మాక్‌డౌన్, ఫుట్‌బాల్ గేములు ఈ గదుల్లో నిలిచింది ఈ మూడు పరీక్షలూ నెగ్గబట్టే. ఓడినవాడు లేవాలి, గెలిచినవాడు కూర్చోవాలి అన్న పద్ధతి టెక్కెన్‌కు చక్కగా సరిపోయింది. ఒక్కో పోటీ రెండు మూడు నిమిషాల్లో ముగిసిపోతుంది, వెనక నిలబడ్డవాడికి వంతు త్వరగా వస్తుంది.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటి ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. జీటీఏ వైస్ సిటీ సంగతేమిటి? 2002లో ప్లేస్టేషన్ 2కు, 2003లో కంప్యూటర్లకు వచ్చిన ఆ గేము ఒంటరి ఆట. పొడవాటి కథ ఉంది, మిషన్లు ఉన్నాయి. అయినా మన నెట్ సెంటర్లలో దానికున్నంత పేరు మరి దేనికీ రాలేదేమో. నా కొలమానాలు నిజమైతే అది నెగ్గకూడదు కదా. దీనికి జవాబు దాన్ని ఎలా ఆడారో చూస్తే దొరుకుతుంది. ఇక్కడ చాలామంది వైస్ సిటీ కథను ఆడలేదు. కూర్చోగానే కీబోర్డు మీద చీట్ కోడ్‌లు కొట్టేవాళ్లు: ప్యాంజర్ అని కొడితే ఆకాశంలోంచి పడ్డట్టు ట్యాంకు ప్రత్యక్షం, యాస్పిరిన్ అని కొడితే ఆరోగ్యం నిండిపోతుంది, లీవ్ మీ అలోన్ అని కొడితే వెంటపడే పోలీసులు మాయం. ఈ మాటల స్పెల్లింగులు నోటు పుస్తకాల చివరి పేజీల్లో ఎక్కి చేతులు మారాయి. ఇంగ్లీషు పాఠం రాని పిల్లవాడికీ అవి తప్పు లేకుండా వచ్చేవి. అంటే కథ కోసం పెట్టిన తాళాలన్నీ పగలగొట్టి, నగరాన్ని మొదటి నిమిషం నుంచే తెరుచుకున్నారు. త్వరగా మొదలయ్యే, వెనక నిలబడ్డవాళ్లు చూసి గోల చేయగలిగే ఆటగా మార్చుకున్నారు. పక్కవాడితో కలిసి ఆడే వీలు అందులో లేదు, ఆ లోటును కోడ్‌లు చెప్పే స్నేహితుడు పూరించాడు. కాబట్టి వైస్ సిటీ నా వాదనకు మినహాయింపు కాదు. గేము కొలమానానికి సరిపోకపోతే గేమునే సరిచేసుకునే శక్తి ఇక్కడి ఆటగాడికి ఉందని అది చూపిస్తుంది.

అదే శక్తి కౌంటర్-స్ట్రైక్, క్రికెట్ 07ల విషయంలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. కౌంటర్-స్ట్రైక్ పుట్టుకే అలాంటిది: హాఫ్-లైఫ్ అనే గేము మీద మిన్ లె, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు కుర్రాళ్లు 1999లో కట్టిన మార్పు అది. 2003లో వచ్చిన 1.6 రూపం పాత సిస్టమ్‌ల మీద కూడా నడిచింది. ఇంటర్నెట్ అక్కర్లేదు, గదిలోని సిస్టమ్‌లను ల్యాన్ తీగతో కలిపితే చాలు. తర్వాత బొమ్మలు మెరుగైన రూపాలు వచ్చినా మన కేఫ్‌లు ఏళ్ల తరబడి 1.6నే పట్టుకుని కూర్చున్నాయి. దాన్ని వెనకబాటు అంటారు కొందరు. నేను ఒప్పుకోను. డస్ట్ 2 మ్యాపులో ప్రతి మలుపూ గదిలో అందరికీ కంఠతా వచ్చాక, గెలుపు యంత్రం బలం మీద కాకుండా చేతి ఒడుపు మీద ఆధారపడుతుంది. చదరంగం ఆడేవాళ్లు గళ్లు మార్చమని అడగరు. క్రికెట్ 07 సంగతి ఇంకా విశేషం. ఈఏ సంస్థ దాన్ని 2006 చివర్లో విడుదల చేసింది, ఆ తర్వాత వాళ్లు క్రికెట్ గేములే ఆపేశారు. ఐపీఎల్ మొదలైంది 2008లో. ఉప్పల్ స్టేడియంలో మొదటి వన్డే 2005 నవంబర్‌లో జరిగింది, 2008లో అది డెక్కన్ చార్జర్స్ సొంత మైదానమైంది. ఇంటి పక్కన స్టేడియం, అందులో సొంత జట్టు, గేములో మాత్రం ఆ జట్టు లేదు. ఆ లోటును కంపెనీ తీర్చలేదు. అభిమానులే కొత్త జట్లు, కొత్త దుస్తులు, ఆటగాళ్ల పేర్లు ప్యాచ్‌లుగా తయారుచేసి పంచుకున్నారు, ఏటేటా సరికొత్తగా మార్చుకుంటూ వచ్చారు. అమ్మినవాడు వదిలేసిన గేమును ఆడేవాళ్లు బతికించుకున్నారంటే, అంతకంటే బరువైన అభిప్రాయం ఏ పత్రికా సమీక్షలోనూ దొరకదు.

మన నగరంలోనే తయారైన గేముల కథ ఈ వాదనకు అగ్నిపరీక్ష. ప్లేస్టేషన్ 2 కోసం భారతదేశంలో తయారైన మొదటి గేము హనుమాన్: బాయ్ వారియర్. దాన్ని చేసింది హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్, విడుదల 2009. దేవుణ్ని రిమోట్‌తో ఆడించడమేమిటని విదేశాల్లోని ఒక హిందూ సంఘం అభ్యంతరం చెప్పింది కూడా. అదే ఏడాది హైదరాబాద్‌కే చెందిన గేమ్‌శాస్త్ర దేశీ అడ్డా అనే గేమును తెచ్చింది, అందులో కబడ్డీ, గిల్లీదండా (మన చిర్రగోనె), పతంగులు లాంటి మన ఆటలు ఉన్నాయి. రెండింటినీ ప్రచురించింది సోనీ. ఇంట్లో పుట్టిన గేములు, తెలిసిన కథలు, తెలిసిన ఆటలు. అయినా గంట అద్దె గదుల్లో స్మాక్‌డౌన్‌ను కదిలించలేకపోయాయి. హనుమాన్ ఎందుకు నిలవలేదో చెప్పడం తేలికే, అది ఒంటరి ఆట. దేశీ అడ్డా దగ్గరే చిక్కు. పక్కవాడితో కలిసి ఆడగలిగే గేము అది, నా లెక్క ప్రకారం నెగ్గాలి. నాకు తోచిన కారణం ఇది: బోడుప్పల్‌లో అప్పటికింకా ఖాళీ ప్లాట్లు ఉన్నాయి. చిర్రగోనె ఆడాలనుకుంటే కట్టె ముక్కలు చాలు, సంక్రాంతికి ప్రతి డాబా మీదా పతంగులు ఎగురుతూనే ఉన్నాయి. వీధిలో ఉచితంగా ఇంకా బాగా దొరికేదానికి గదిలో గంట అద్దె ఎవరూ కట్టరు. ట్యాంకు తోలడం, బరిలో మనిషిని ఎత్తి కుదేయడం వీధిలో కుదరవు, వాటికి కడతారు. మన సంస్కృతిని తెర మీద పెడితే మనవాళ్లు తప్పక ఆడతారన్న నమ్మకం ఆనాటి తయారీదారులది. అది మంచి మనసుతో పెట్టుకున్న నమ్మకమే, కానీ ఆటగాడి లెక్క వేరు. 2017లో హైదరాబాద్‌లోని ఓగర్ హెడ్ స్టూడియో తెచ్చిన అసుర ఈ పాఠాన్ని బాగా పట్టుకుందని నేననుకుంటాను. పురాణాల వాతావరణం ఉంది, కానీ గేమును నిలబెట్టేది అది కాదు. చచ్చిన ప్రతిసారీ ఆట మొదటి నుంచి కొత్త రూపంలో మొదలవుతుంది. అరగంటలో ఒక పూర్తి ప్రయత్నం, ఇంకొక్కసారి అన్న పట్టుదల.

గంట అద్దె గదులను ముందు నిబంధనలు, తర్వాత ఫోన్లు దెబ్బతీశాయి. 2011లో కేంద్రం తెచ్చిన సైబర్ కేఫ్ నిబంధనలు గుర్తింపు కార్డు అడగమన్నాయి, రిజిస్టరు ఏడాదిపాటు దాచమన్నాయి, అడ్డుతెరలు నాలుగున్నర అడుగులు దాటకూడదన్నాయి, తెరలు బయటికి కనిపించేలా ఉండాలన్నాయి. కార్డు లేని పిల్లలు పెద్దవాళ్లతో రావాలి. గేముల గదుల్లో తెరలు ఎప్పుడూ అందరికీ కనిపించేలాగే ఉండేవి, చూసేవాళ్లు ఆటలో భాగం కాబట్టి. కార్డు నిబంధన మాత్రం కార్డు లేని పిల్లలకు తలుపు మూసినట్టే. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక ఇంటర్నెట్ చౌక అయింది, 2018లో పబ్‌జీ మొబైల్ వచ్చింది. అభిరుచి మారిందా అంటే, మారలేదు. పబ్‌జీలో నలుగురు స్నేహితులు ఒక జట్టు, వందమంది దిగే దీవి, దాదాపు అరగంటలో ఆట ముగింపు; చచ్చినవాడు మిగిలినవాళ్ల ఆటను చూస్తూ సలహాలు అరవొచ్చు. షట్టర్ గదిలోని మూడు కొలమానాలూ అక్కడే ఉన్నాయి. ఫ్రీ ఫైర్ వాటిని ఇంకా బిగించింది: యాభై మంది, పది నిమిషాలు, తక్కువ ధర ఫోన్‌లో కూడా నడుస్తుంది. 2020 సెప్టెంబర్ 2న పబ్‌జీని, 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌ను కేంద్రం నిషేధించింది. ఆటగాళ్లు 2021 జూలైలో వచ్చిన పబ్‌జీ భారత రూపం బీజీఎంఐకి, ఫ్రీ ఫైర్ మ్యాక్స్‌కు మళ్లారు. పేరు మారినా అడిగింది అదే ఆట.

తల్లిదండ్రుల అభ్యంతరం ఇక్కడే మొదలవుతుంది, అది తీసిపారేయాల్సింది కాదు. ఇంత గొప్ప తీర్పరులైతే పిల్లలు రాత్రి రెండింటిదాకా ఫోన్ ఎందుకు వదలడం లేదు? నా జవాబు ఈ చరిత్రలోనే ఉంది. ఫోన్‌లోకి మూడు కొలమానాలు వచ్చాయి, వాటిని పుట్టించిన గడియారం రాలేదు. గదిలో అరగంట అయిపోగానే షాపతను టైమ్ అయిపోయింది అని స్క్రీన్ ఆపేసేవాడు. ఇంకో అరగంటకు డబ్బు పెట్టాలా అని అప్పుడు ఆలోచించాల్సి వచ్చేది, అలా ఆలోచించడమే గేము మీద తీర్పు. ఉచిత గేములో ఆ ప్రశ్న అడిగేవాడు లేడు. పైగా డబ్బు వేరే తలుపులోంచి వస్తుంది: పబ్‌జీలో యూసీ, ఫ్రీ ఫైర్‌లో డైమండ్లు, తుపాకీకి రంగులు, బట్టలు. గదిలో కట్టిన డబ్బు ఆడిన కాలానికి. ఇక్కడ కట్టేది పక్కవాడి కంటే మెరుగ్గా కనిపించడానికి. గేము మంచిచెడ్డలకు దానితో సంబంధం లేదు.

ఇంకో అడుగు వేస్తే ఆన్‌లైన్ రమ్మీ. దాన్నీ వీడియో గేములనూ ఒకే గాటన కట్టి తిట్టడం మన ఇళ్లలో మామూలైపోయింది, అది నిజంగా నష్టం చేస్తున్న పొరపాటు. తెలంగాణ తన 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2017లో సవరించి, డబ్బు పందెంతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నేరం చేసింది. రమ్మీ నైపుణ్యంతో ఆడేది కదా అన్న సాకును కూడా తీసేసింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందేల ఆటలను దేశమంతా నిషేధిస్తూ, ఈ-స్పోర్ట్స్‌ను, మామూలు ఆటలను వాటి నుంచి విడదీసింది. ఆ గీత సరైన చోటే పడింది. పందెం ఆటలో మనిషి కట్టేది ఫలితం కోసం. ఆట ఎంత బాగుందన్న ప్రశ్న అక్కడ పుట్టదు, బాగున్నా లేకున్నా పోయిన డబ్బు కోసం మళ్లీ కూర్చుంటాడు. కౌంటర్-స్ట్రైక్ గదిలో ఓడిన పిల్లవాడు పోగొట్టుకున్నది అరగంట అద్దె మాత్రమే. ఆ అరగంట తర్వాత ఆ గేము బాగుందో లేదో నలుగురి ముందు చెప్పగలిగేవాడు, నచ్చకపోతే మరుసటి రోజు ఇంకో గేము పెట్టమని షాపతన్ని అడిగేవాడు. తూర్పు హైదరాబాద్‌లో గంట లెక్కన నడిచే గేమింగ్ కేఫ్‌ల మీద ఎవరైనా మాట్లాడేముందు, రమ్మీ యాప్‌కూ వాటికీ ఉన్న ఈ తేడాను లెక్కలోకి తీసుకోవాలి.